గిర్ని తమ్మి ఇచ్చిన అగ్గికట్టె

ఎస్తేరూ, రూతూ! నేను ఫోన్‌లో మాట్లాడితే మీకు సగం వినబడదు. "అమ్మమ్మా, జర గట్టిగ" అంటూనే ఉంటారు. అందుకే ఇది రాసి పంపుతున్నాను. ఇద్దరూ ఒకేచోట కూర్చుని చదవండి. ఒకరి చేతిలోంచి ఒకరు గుంజుకోకుండా.

మొన్న మీరు అరుచుకుంటూ చెప్పిన గొడవ నాకు అర్థమైంది. మీరు మస్కట్‌కు వెళ్లి ఆరు నెలలైనా కాలేదు. ఎస్తేరుకు అక్కడ దొరికింది ముగ్గురే ముగ్గురు స్నేహితులు. ప్రతి శుక్రవారం వాళ్లూ మీరిద్దరూ బల్ల చుట్టూ చేరి కథ ఆట ఆడతారు. ఎస్తేరు కథ నడిపిస్తుంది, మిగతావాళ్లు అందులో వీరులు. రూతు ప్రతిసారీ ఓడిపోయి మొహం మాడ్చుకుంటోందని ఎస్తేరు దానికొక కత్తి ఇచ్చింది. అది దూస్తే ఎదురుగా ఏదున్నా చస్తుంది. ఇప్పుడేమో ఆ ముగ్గురూ "ఇంక మేమెందుకు, రూతు ఒక్కతే ఆడుకోనీ" అంటున్నారు. వచ్చే శుక్రవారం నుంచి రారట. కత్తి వాపసు తీసుకుందామంటే రూతు ఊరుకోదు.

"అమ్మమ్మా, నీకు గీ ఆట తెల్వదు గాని" అని మొదలుపెట్టావు చూడు ఎస్తేరూ, అక్కడ నాకు నవ్వొచ్చింది. నాకు తెలుసు బిడ్డా. నాలుగేళ్లు ఆడాను, మీకు చెప్పలేదంతే.

మన కరీంనగర్ ఇంటి వెనక సందులో పిండి గిర్ని ఉండేది, గుర్తుందా? గోధుమలు పట్టించడానికి నాతో వచ్చేవాళ్లు. అక్కడ తెల్ల కనుబొమ్మల మనిషి ఉండేవాడు. రూతు ఆయన్ను తాత అని పిలిస్తే మొహం కడుక్కుని వచ్చి చూపించాడు. నల్లటి కనుబొమ్మలు! అదంతా పిండి. అతనే మా ఆట నడిపించింది.

పేరు రాయను. బల్ల దగ్గర ఆట నడిపేవాడి అసలు పేరు పలకకూడదని అతని నియమం. మా ముగ్గురు ఆడవాళ్లకూ అతను తమ్మి. అలాగే ఉండనిద్దాం.

పుట్టింది ఆసిఫాబాద్ వైపు. చాలా ఏళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చాడు. అక్కడ క్యాంపు గదిలో పక్క మంచం ఫిలిప్పీన్స్ అబ్బాయి ఈ ఆట నేర్పాడట. మీలాగే వాళ్లూ శుక్రవారమే ఆడేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు అందరూ సబ్బులు, సెంటు సీసాలు తెస్తే ఇతను ఒక పాచికల సంచీ, తన చేతిరాతతో నిండిన పొడుగు నోటుబుక్కు తెచ్చాడు. భార్య అప్పటికే లేదు. గిర్ని వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు.

ఒక ఆదివారం గుడి నుంచి వస్తూ, ముందురోజు మరిచిపోయిన పిండి డబ్బా కోసం వెళ్లాను. గిర్ని తలుపు సగం మూసి ఉంది. లోపల నలుగురు మాట్లాడుతున్నారు. ఒకరు బొంగురుగా, ఒకరు సన్నగా. తొంగిచూస్తే అతనొక్కడే. జొన్న సంచుల మధ్య బెంచీ మీద నట్లు, బోల్టులు నిలబెట్టి, ఉసిరికాయంత పాచిక దొర్లిస్తున్నాడు. దానికి ఇరవై ముఖాలు.

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ తమ్మీ?"

అతను సిగ్గుపడ్డాడు. "ఎవల్లేరక్కా. ముగ్గురుండాలె. లేరు. గందుకే ముగ్గురి మాటలు నేనే మాట్లాడుతున్న."

డబ్బా తీసుకుని వచ్చేశాను గానీ ఆ మాట వదల్లేదు. మరుసటి వారం పాస్టరమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. మీకు తెలిసిన పాస్టరమ్మే, మీకు జేబునిండా బఠాణీలు పోసేది. దారిలో బీడీలు చుట్టే రాజవ్వ కలిస్తే ఆమెనూ పిలిచాను. రాజవ్వది మంథని దగ్గర ఊరు. భర్త దుబాయిలో, ఆమె ఇక్కడ బీడీల చాట ముందు.

మొదటిరోజు "మీరు ఎవలైతరు?" అని అడిగాడు తమ్మి. పాస్టరమ్మ వెంటనే "నేను దొంగనైత" అంది. మేము ఆమె మొహం చూశాం.

"ఏం జూస్తరు? వారమంత మంచిదాన్నే గదా. ఆదివారం రెండు గంటలు దొంగనైతే ఏమైతది?"

నేను వీరనారిని. పేరు ఉరుము. ఏడడుగుల ఎత్తు, నా కేకకు గోడలు అదరాలని తమ్మి నోటుబుక్కులో రాశాడు. ఇక చూడండి నా కష్టం. ముప్పై ఏళ్లు దవాఖానలో సిస్టర్‌గా చేసినదాన్ని. "మెల్లగ, పేషెంట్లు పండుకున్నరు" అని అందరికీ చెప్పీ చెప్పీ నా గొంతే మెల్లగా అయిపోయింది. నేను "ఆగు రాకాసీ" అంటే అతను చెవి వెనక చెయ్యి పెట్టి ముందుకు వంగేవాడు.

"వినవడలే అక్కా."

"ఆగు రాకాసీ."

"రాకాసి బువ్వ తింటున్నది. దానికీ వినవడలే."

గిర్ని రొదకు చెవులు మందగించాయేమో అనుకుని పాపం అనుకునేదాన్ని. ఒకరోజు పాస్టరమ్మ నా చెవిలో "తమ్మి అంగీకి గుండీ ఊడింది" అని గుసగుసలాడితే, అటు మూల నుంచి అతను గుండీ తడుముకున్నాడు!

అతని నోట "కాదు" అనే మాట వినలేదు. ఏది చేస్తామన్నా పెన్సిలుతో బెంచీ మీద రెండుసార్లు టకటకమనిపించి "సరే గని" అనేవాడు. ఆ "గని" కోసం మేం ఊపిరి బిగబట్టేవాళ్లం. "డేగ మీదికి దునుకుత" అన్నాను ఒకసారి. "సరే గని, గా డేగ ఇప్పుడు చెర్ల మునుగుతందుకు పోతున్నది." ఇంకోసారి పాస్టరమ్మ రాజుగారి కిరీటం కొట్టేసింది. "సరే గని, కిరీటం కింద రాజుకు బట్టతల. గిన్నేండ్లు దాచిపెట్టిండు. ఇప్పుడు కోపం డబుల్."

పాచిక మాత్రం అందరి ఎదుటే వేసేవాడు. గల్ఫ్‌లో వాళ్లు అట్టముక్క అడ్డం పెట్టుకుని వేసేవాళ్లట. ఇతను అట్ట పెట్టలేదు.

"దాచి వేస్తే నాకు పాపమనిపిస్తది, మిమ్ముల గెలిపిస్త. నేను గెలిపిస్తే గా గెలుపు మీది గాదక్కా."

ఇంత కచ్చితమైన మనిషి కూడా ఒకసారి జాలిపడ్డాడు. అక్కడే వచ్చింది చిక్కు.

రాజవ్వకు పాచిక కలిసొచ్చేది కాదు. పదిహేను కావాలంటే రెండు పడేది. ఆమె మంత్రం వేస్తే శత్రువును వదిలి పాస్టరమ్మ కొంగుకు తగిలేది. బాణం వేస్తే మా గాడిదకు గుచ్చుకునేది. మేం ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. తమ్మికి అది గుచ్చుకుంది. ఆడమనిషి వారమంతా నడుం విరిగేలా బీడీలు చుట్టి ఇక్కడికొస్తే ఇక్కడా ఓటమేనా అనుకున్నాడు. ఒక ఆదివారం కాలిన అగ్గిపుల్ల ఒకటి ఆమె కాగితానికి అంటించాడు.

"గిది అగ్గికట్టె. చూపిస్తే చాలు, ఎదురుంగ ఉన్నది బూడిదైతది. పాచిక వెయ్యనక్కరలే."

మొదటి వారం మేమంతా చప్పట్లు కొట్టాం. రెండోవారం నేను కత్తి దూసేలోపు రాకాసి బూడిద. మూడోవారం పాస్టరమ్మ గోడ ఎక్కేలోపు కోటే బూడిద. నాలుగోవారానికి పాస్టరమ్మ చాటలో బియ్యం తెచ్చుకుని రాళ్లేరుకుంటూ కూర్చుంది. "నా వంతు వస్తే చెప్పుండ్రి" అంది. రాలేదు. నేను వచ్చేవారం చుట్టాలొస్తున్నారని అబద్ధమాడాను. రాజవ్వ ఒక్కతే గెలుస్తోంది, ఆమె మొహంలోనూ వెలుగు లేదు. అది మేమెవరమూ గమనించలేదు.

తమ్మి గమనించింది ఒక్కటే, బెంచీ ఖాళీ అవుతోందని. మిగతా వారమంతా గిర్ని రొదలో అతనితో ఎవరూ నాలుగు మాటలు మాట్లాడలేరు. మనిషి గొంతు వినేది ఆదివారమే. అది పోతే మళ్లీ బోల్టులతో మాట్లాడుకోవాలి.

"గా కట్టె గుంజుకోరాదు?" అని పాస్టరమ్మ ముఖం మీదే అడిగింది.

"బల్ల మీద ఇచ్చింది గుంజుకోవద్దు. రేపు ఇంకొకటిస్తే నమ్ముతరా మీరు?"

మరి ఏం చేశాడో తెలుసా? గిర్ని మనిషి కదా, కాంటా ముందు పెట్టుకున్నాడు. నిజం కాంటానే, రెండు పళ్లేలది. ఒక్కో శక్తికి ఇన్నని చింతగింజలు. అగ్గికట్టెకు ఒక పిడికెడు. దాన్ని ఒక పళ్లెంలో పోసి, రెండో పళ్లెం సమానమయ్యేదాకా నాకు శక్తులిచ్చాడు. ఏ ఆయుధమూ దిగని డాలు, వేగంగా పరిగెత్తే చెప్పులు. పాస్టరమ్మకు మాయమయ్యే కొంగు. ముల్లు నడిమిట్ల నిలబడగానే మొహం వెలిగిపోయింది.

"సూడక్కా! గింజ తేడా లేదు!"

గింజ తేడా లేదు నిజమే. ఇంక మాకు చావూ లేదు, భయమూ లేదు. రాకాసులు దోమల్లా రాలాయి. మాకు సమానం కావాలని రాకాసులకూ గింజలు పోశాడు. అప్పుడు ఒక్క రాకాసితో రెండు గంటలు. నేను కొట్టాను, అది ఆపింది. అది కొట్టింది, నేను ఆపాను.

"తమ్మీ, గిది ఆటనా, రేషన్ దుకాణమా? తలా గింత తూచి వోస్తున్నవ్" అంది పాస్టరమ్మ. ఆమె నవ్వలేదు. అదే నాకు భయమేసింది. చాట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. రాజవ్వ వెనకాలే వెళ్లింది.

నేను చీపురు తీసుకుని నేల ఊడ్చాను, ఏం చెయ్యాలో తెలియక. తమ్మి పళ్లెంలో గింజలు అటు ఇటు మారుస్తూ కూర్చున్నాడు.

"లెక్క కరెక్టే ఉన్నదక్కా. ఏడ తప్పు వోయిన?"

నాకు ఆటల లెక్కలేం తెలుసు? నాకు తెలిసింది వార్డు.

"మా వార్డుల పన్నెండు మంచాలుండె తమ్మీ. అందరికీ ఒక్కతీరు మందు ఇయ్యకపోతుంటిమి. ఒకనికి సూది, ఒకనికి గోలి, ఒకనికి ఉత్త జావ. గాని పొద్దున రౌండుకు పోతే ప్రతి మంచం కాడ ఆగుతుంటిమి. ఒక్క మంచం కాడ ఆగకుంట పోయినా గా పేషెంటు ఆ దినం అన్నం ముట్టకపోతుండె."

అతను చెవి వెనక చెయ్యి పెట్టలేదు. ఒక్కసారికే వినబడింది. పళ్లెంలో గింజలన్నీ డబ్బాలో పోసి, కాంటా తీసి గోడకు తగిలించాడు.

తర్వాతి ఆదివారం వాళ్లిద్దర్నీ నేనే బతిమాలి తీసుకొచ్చాను. "ఇదే ఆఖరు" అంది పాస్టరమ్మ. చాట కూడా తెచ్చింది.

తమ్మి మొదలుపెట్టాడు. మా మాయ చెప్పులు, కొంగు, డాలు అన్నీ మేమే ఒక ఊరివాళ్లకు కానుకగా ఇచ్చేలా కథ నడిపాడు. అడిగే ఇప్పించాడు. ఒక్క అగ్గికట్టె మిగిలింది. ఇక అడవి. టేకాకులు విస్తరాకులంత, నేలంతా ఎండుగడ్డి. అతను చిన్నప్పుడు తిరిగిన అడవే అది, మాటల్లో వాసనొచ్చింది. మంథని కాడి గోదారంత లోతైన ఏరు. ఏటి మీద ఒకటే దుంగ. అవతల రాకాసి. దాని వెనక బోనులో ఊరి పిల్లలు, బోనుకు ఏడు తాళాలు. ఇవతల గడ్డి కప్పుల ఊరు.

"ఏడు తాళాలా?" అంది పాస్టరమ్మ. చాట కింద పెట్టింది.

"ఏడు. రాకాసి అటు తిరిగితేనే తియ్యొచ్చు. అది అటు తిరగాలంటే దానికన్న పెద్ద గొంతు వినవడాలె." నా వైపు చూశాడు.

రాజవ్వ అలవాటుగా కాగితం ముందుకు జరిపింది. "కాలవెడత."

టక, టక. "సరే గని, గడ్డి ఎండకాలం గడ్డి. గాలి ఊరి దిక్కు కొడుతున్నది, నిప్పురవ్వలు ఏరు దాటుతయి. కాలవెడతనంటే కాలవెట్టు రాజవ్వా. నేను అడ్డం రాను."

రాజవ్వ అగ్గిపుల్లను చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

"నా పాచిక నాకియ్యి."

"ఏం చేస్తవ్?"

"దుంగ మీద ఉరికి పోయి దాని నెత్తి మీద రోకలితోని కొడత."

"పదిహేను వడాలె."

ఆమె పాచికను రెండు చేతుల్లో గలగలలాడించి వేసింది. అది జొన్న సంచికి తగిలి, బెంచీ మీద తిరిగి తిరిగి ఆగింది. మూడు.

మొదట రాజవ్వే నవ్వింది. "బుడుంగున వడ్డ! కట్టెతోని సహా!" అని తన కాగితం మీది అగ్గిపుల్ల పీకి, తమ్మి ముందున్న నీళ్ల గ్లాసులో వేసేసింది. ఎవరూ గుంజుకోలేదు. ఆమే వేసింది. పాస్టరమ్మ బెంచీ మీద గుద్దుతూ నవ్వితే పిండి లేచి మా అందరి కనుబొమ్మలూ తెల్లబడ్డాయి.

తమ్మి మాత్రం నవ్వలేదు. "రాజవ్వా, నీకు బాధైతదని ఇస్తి గదా దాన్ని."

"నాకు బాధని ఎవలు చెప్పిన్రు నీకు? అడిగినవా? నా బాణం గాడిదకు తాకితే మీరు పడి పడి నవ్వుతుండె, నేనూ నవ్వుతుంటి. ఇంటికాడ నాతోని నవ్వెటోళ్లు ఎవలున్నరు? నువ్వు గా కట్టె ఇచ్చినవ్, గా దినం నుంచి మీరందరు నా దిక్కు చూసుడే బంద్ చేసిన్రు. నా పాచిక సంచిల్నే ఉండె."

తమ్మి కళ్లు తుడుచుకుని "పిండి వడ్డది" అన్నాడు. సరే, పిండే అనుకుందాం.

ఆ రోజు రాజవ్వను ఏట్లోంచి లాగేలోపు రాకాసి దుంగ ఎక్కింది. ఏరు ఈదుకుంటూ పోయిన పాస్టరమ్మ చేతులు బోను దాకా చేరాయి. తమ్మి చెవి వెనక చెయ్యి పెట్టాడు. నేను లేచి నిలబడి, ముప్పై ఏళ్లుగా మింగిన గొంతంతా తెచ్చుకుని "ఆగవే!" అన్నాను. పక్కింటి కుక్క మొరిగింది. టైర్ల దుకాణం నుంచి ఎవరో ఏమైందని పరిగెత్తుకొచ్చారు. తమ్మి చెయ్యి దించి, "వినవడ్డది అక్కా" అన్నాడు. ఏడు తాళాలూ ఊడాయి.

అప్పట్నుంచి నోటుబుక్కు మొదటి పేజీలో ఒక గీత గీసి, మా ముగ్గురి పేర్లూ రాసుకునేవాడు. ఎవరి దగ్గర ఆగాడో వాళ్లకు టిక్కు. మూడు టిక్కులు పడితే గానీ ఆట ముగించేవాడు కాదు. శక్తులు మళ్లీ హెచ్చుతగ్గులే అయ్యాయి. ఎవరూ అడగలేదు.

పోయిన వానాకాలం అతనికి జబ్బు చేసింది. నేను చూడటానికి వెళ్లింది నేను పనిచేసిన వార్డుకే. "ఎట్లున్నవ్ తమ్మీ?" అన్నాను. నీరసంగా ఉన్నా చెయ్యి చెవి వెనక్కి వెళ్లింది.

"వినవడలే అక్కా."

"లే తమ్మీ! ఆదివారం ఆట ఉన్నది!" అని ఉరిమాను. చిన్న సిస్టరమ్మ ఉరికొచ్చి "మెల్లగ అమ్మా, పేషెంట్లు పండుకున్నరు" అని నన్నే కోప్పడింది. అతను మంచం పట్టీ మీద వేలితో రెండుసార్లు కొట్టాడు.

"సరే గని..."

దగ్గొచ్చి ఆగిపోయింది. ఇరవై ముఖాల పాచిక నా చేతిలో పెట్టాడు. ఆ వారమే పోయాడు. ఆ "గని" తర్వాత ఏముందో మేం ముగ్గురం ఇప్పటికీ తలా ఒకటి చెప్పుకుంటాం. "సరే గని, గాడ తాళాలే ఉండవట, దొంగకేం పని" అంటుంది పాస్టరమ్మ.

ఇప్పుడు మీ సంగతి. ఎస్తేరూ, కత్తి గుంజుకోకు. కాంటా పెట్టి ఆ ముగ్గురికీ మూడు కత్తులూ ఇవ్వకు. ముందు నీ చెల్లెల్ని ఒక మాట అడుగు, తమ్మి అడగడం మరిచిన మాట. రూతూ, నీకు నిజంగా ఆ కత్తే కావాలా, లేక ఓడిపోయినప్పుడు ఎవరూ నీతో కలిసి నవ్వలేదని ఏడ్చావా? ఏదైనా సరే, అక్కకు చెప్పు. మాటల్లో చెప్పు, మొహం మాడ్చి కాదు.

ఆ ముగ్గురికీ ఫోన్ చేసి, శుక్రవారం కొత్త మనిషి ఆడటానికి వస్తోందని చెప్పండి. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఏడడుగుల ఎత్తు అని చెప్పండి. చూడటానికైనా వస్తారు. ఒక్కసారి వస్తే చాలు, ఎస్తేరు ప్రతి మంచం దగ్గరా ఆగుతుంది.

ఫోన్‌ను బల్ల మీద నిలబెట్టండి. నా పాచిక నా దగ్గరుంది. అంకెల సందుల్లో ఇంకా పిండి ఉంది, కడగలేదు. అందరికీ కనబడేలా వేస్తాను.

ఇంకొక్క మాట. ఆట మొదలయ్యేముందు ఫోన్ శబ్దం జర తగ్గించి పెట్టండి.